వీపున సంచీ, పక్కన మీ ఆయన

చెల్లీ, ప్యాకేజీ టూరుకైతేనే వెళ్ళమంటున్నారా మీ అత్తగారు? కొత్తచోట తిండికి ఇబ్బంది పడతారని ఆవిడ భయం ఆవిడది. నన్నడిగితే మాత్రం, అంతకంటే చాలా తక్కువలో మీ ఇద్దరూ మలేషియా చూసి రావచ్చే.

2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి అక్కడ 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. వెళ్ళేముందు ఆ వెసులుబాటు ఇంకా ఉందో లేదో చూసుకో. దిగడానికి 3 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్లో రాక కార్డు నింపొచ్చు, పైసా కట్టక్కర్లేదు. డబ్బడిగే సైటైతే దొంగదే. విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం 2024లో మళ్ళీ మొదలైంది. చౌక టికెట్టంటే చేతిసంచీ 7 కిలోలే మరి. పట్టుచీర, ఆవకాయ సీసా ఇంట్లోనే పెట్టెయ్. (ఆవకాయ సంగతిలో మా అమ్మ నాతో ఇప్పటికీ ఒప్పుకోదు.)

అయినా ఆవకాయ ఎందుకే? పొద్దున్నే రోడ్డు పక్కన నాసి లెమాక్ అమ్ముతారు. కొబ్బరిపాలల్లో, మొగలి జాతి ఆకు వేసి వండిన అన్నం. పక్కన ఎర్రగా మిరపకాయ సంబల్, వేయించిన వేరుశెనగ గుళ్ళు, కీరా ముక్కలు, గుడ్డు, పైన కరకరలాడే నెత్తళ్ళు. అవునే, మన నెత్తళ్ళే! అరిటాకు పొట్లం విప్పగానే ఆ వాసనకి మీ ఆయన ఇంకోటి కొనమంటాడు చూడు. నీచు తినకపోతే సంబల్ వద్దను, అందులో రొయ్యల ముద్ద ఉంటుంది. రోటీ చనాయ్, పప్పు అడుగు.

బతు గుహల దగ్గర మురుగన్ గుడికి 272 మెట్లు. మన నరసింహస్వామి కొండెక్కిన కాళ్ళకి అదో లెక్కా! కౌలాలంపూర్ ఊళ్ళోంచి లోకల్ రైల్లోనే వెళ్ళొచ్చు. పెనాంగ్‌కి బస్సులో బటర్‌వర్త్ దాకా పోయి, పడవెక్కి జార్జ్‌టౌన్‌లో దిగాలి. 2008లో యునెస్కో గుర్తించిన పాతబస్తీ అది. మసీదు, మారియమ్మ గుడి, చీనావాళ్ళ దేవత గుడి, చర్చి, అన్నీ నడిచి చూసేంత దగ్గర్లోనే. కారెందుకు దండగ?

మనవాళ్ళకి సముద్రం దాటడం కొత్త కాదులే. కోరంగి రేవు నుంచి రంగూన్ ఓడెక్కిన కాలంలోనే కొందరు మలయా తోటలకీ వెళ్ళారు. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ వైపు వాళ్ళ సంతతి ఇప్పటికీ ఉంది. మలేషియా తెలుగు సంఘం 1955 నాటిది.

బసకి హాస్టల్లో విడిగది తీసుకోండి, బాత్రూం ఉమ్మడిదైనా పర్లేదు. డార్మిటరీ ఇంకా చౌకే, కానీ కొత్త దంపతులకి మంచానికొకరా, చోద్యం కాకపోతే! డబ్బు లెక్క మాత్రం నువ్వే చూసుకో, దారి వెతకడం ఆయనకి వదిలెయ్. ఇద్దరూ ఒకే ఫోన్లో తలదూర్చారంటే నడిరోడ్డు మీదే తగువు.

టికెట్లు కొనేముందు పాస్‌పోర్టు తీసి చూడు. ప్రయాణం నాటికి ఇంకా 6 నెలలైనా గడువుండాలి. నీదొక్కటే కాదు, మీ ఆయనదీ చూడు.