రాజు దయ ఎక్కడ ఆగిపోతుంది

అశోకుడనగానే కలింగ యుద్ధం, పశ్చాత్తాపం, బౌద్ధం వరసగా గుర్తొస్తాయి. బడిలో అలాగే చదువుకున్నాం. ఆయన శాసనాలన్నిటిలోకీ నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది మాత్రం భువనేశ్వర్ పక్కన ధౌలిలో ఒక బండమీద ఉంది. అందులో యుద్ధం ఊసే లేదు. తోసలి నగరంలో విచారణలు చూసే మహామాత్రులకు రాజు చెప్పిన మాటలవి. అదే శాసనం గంజాం జిల్లా జౌగడలో సమాపా నగరపు అధికారుల పేర ఉంది.

మనుషులంతా నా బిడ్డలే అంటాడు అందులో. నా బిడ్డలు ఈ లోకంలోనూ పై లోకంలోనూ సుఖపడాలని ఎలా కోరుకుంటానో, అందరి విషయంలోనూ అలాగే కోరుకుంటానంటాడు. ఇలాంటి మాట ఏ రాజైనా అనగలడు. అశోకుడు అక్కడితో ఆగలేదు. నా ఉద్దేశం ఎంతవరకు వెళుతుందో మీకు పూర్తిగా అందడం లేదని అధికారులతో అంటాడు. కారణం లేకుండా మనుషులు చెరసాల పాలవుతున్నారని, హింస పడుతున్నారని, ఒక్కొక్కడి వెనక ఇంకెందరో దుఃఖపడుతున్నారని రాయి మీద ఒప్పుకుంటాడు. అలా ఎందుకు జరుగుతుందో చెబుతూ ఏడు కారణాలు పేర్కొంటాడు: అసూయ, ముక్కోపం, కాఠిన్యం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట.

చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. అసూయ, కోపం, కాఠిన్యం చెడ్డవని ఎవరైనా చెబుతారు. అలసటను ఆ వరసలో నిలబెట్టడానికి మాత్రం పాలనను దగ్గరగా చూసిన కళ్లు కావాలి. దయ చచ్చిపోయేది ఎప్పుడూ దుర్మార్గుడి చేతిలోనే కాదు. చాలాసార్లు అది సాయంత్రం నాలుగున్నరకు, ఇరవయ్యో ఫైలు ముందు, ఆకలి మీద ఉన్న మంచివాడి చేతిలో చచ్చిపోతుంది. పింఛను కోసం మూడోసారి వచ్చిన ముసలమ్మ మీద విసుక్కునే గుమాస్తా, అదే ప్రశ్న రెండోసారి అడిగిన పిల్లవాడి మీద చెయ్యెత్తే మాస్టారు, రాత్రి డ్యూటీ చివర్లో రోగి బంధువుల మీద అరిచే నర్సు, వీళ్లెవరూ క్రూరులు కారు. అలసిపోయారు. కానీ ఎదుటివాడికి తగిలిన దెబ్బలో ఆ తేడా ఉండదు.

కాందహారు నుంచి మన కర్నూలు జిల్లా ఎర్రగుడి దాకా శాసనాలు చెక్కించిన చక్రవర్తి శక్తి ఎక్కడ ఆగిపోయిందో ఈ జాబితా చెబుతుంది. సరిహద్దు దగ్గర కాదు. రాజు సంకల్పానికీ ఖైదీ ఒంటికీ నడుమ నిలబడ్డ ఒక ఉద్యోగి అలసట దగ్గర. దయగా ఉండమని ఆజ్ఞాపించవచ్చు, ఉండనివాణ్ని శిక్షించవచ్చు. అలసిన మనిషి మనసులో ఓపిక పుట్టించడం ఏ రాజముద్రకూ చేతకాదు. అది ఆ మనిషి తనలో తాను చేసుకోవాల్సిన పని. అశోకుడు అందుకే వీటన్నిటికీ మందు కోపం లేకపోవడం, తొందరపడకపోవడం అని చెప్పి, ఆ పని అధికారుల చేతికే వదిలాడు.

వదిలి ఊరుకోలేదు కూడా. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున చదివి వినిపించాలన్నాడు. మధ్యలోనూ, వినేవాడు ఒక్కడే ఉన్నా, చదవాలన్నాడు. కఠినులు కాని అధికారులను అయిదేళ్లకోసారి తనిఖీకి పంపుతానన్నాడు. దయ గుండెలో నుంచి దానంతట అదే పొంగుకొస్తుందని ఆయన నమ్మలేదన్నమాట. దానికి ఏర్పాటు కావాలనుకున్నాడు. వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడే చోట దయను మనం పుట్టుకతో వచ్చిన గుణంలా పొగుడుతాం. నాకది సరైన దారి అనిపించదు. మనమెప్పుడు కఠినంగా మారతామో కనిపెట్టి, ఆ వేళకు ముందే కాపలా పెట్టుకోవడం అందరికీ సాధ్యమైన పని. మందలింపు లేఖ సాయంత్రం రాసినా సంతకం మర్నాడు పొద్దున పెట్టడం, పిల్లల మార్కుల సంగతి అన్నం తిన్నాక మాట్లాడటం, ఉద్యోగిని తీసేయాలన్న నిర్ణయాన్ని ఒక రాత్రి పక్కన పెట్టడం ఆ కోవలోవే. అశోకుడు కూడా మరణశిక్ష పడిన ఖైదీలకు మూడు రోజుల గడువు ఇచ్చాడు, బంధువులు వాళ్ల ప్రాణం కోసం మొరపెట్టుకోవడానికి. మరణశిక్షను ఆయన రద్దు చేయలేదు. ఆ మాట దాచకుండా చెప్పుకోవాలి. కానీ తొందరను మాత్రం మూడు రోజులు ఆపాడు.

ఇక నిజం చెప్పడం సంగతి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా వాటి సంగతి లోకానికి తెలియదు. వాటిలో మొదటి శాసనం జంతుహింస గురించి. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల కొద్దీ ప్రాణులను చంపేవారని చెప్పి, ఇప్పుడు చంపుతున్నవి మూడే అంటాడు: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ఇక ముందు ఈ మూడింటినీ చంపరట.

మానేశానని రాయించుకోవడానికి ఆయనకు అడ్డమెవరు? వంటింట్లోకి తొంగిచూసి లెక్క అడిగే సాహసం ఎవరికుంది? అయినా ఆ రెండు నెమళ్లనూ ఒక జింకనూ రాయి మీద ఉంచాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది కలింగ పశ్చాత్తాపం వల్ల కంటే ఈ నెమళ్ల వల్లే. మనం మారామని చెప్పుకునేటప్పుడు మిగిలిపోయినదాన్ని కలిపి చెప్పం. కోపం తగ్గించుకున్నానంటాం గానీ ఇంట్లో ఎవరి మీద ఇంకా తగ్గలేదో చెప్పం. తాగుడు మానేశానంటాం గానీ పెళ్లిళ్లను లెక్కలో వేయం. మిగిలినదాన్ని బయటికి చెప్పుకున్నవాడికే ఆ మిగిలినదాంతో పోరాడే అవకాశం ఉంటుంది. దాచినవాడు ముందు తననుంచే దాచుకుంటాడు.

ఇంత నిజం చెప్పిన మనిషికీ ఒకచోట నోరు పెగల్లేదు. కలింగ గురించి చెప్పేది పదమూడో శిలాశాసనం. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కలింగను గెలిచానని, లక్షా యాభై వేలమందిని అక్కడినుంచి తరలించారని, లక్షమంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని, వాళ్లలో నూరో వంతో వెయ్యో వంతో ఇప్పుడు అలా బాధపడినా తనకు దుఃఖమేనని అందులో ఉంటుంది. ఎర్రగుడిలో ఈ శాసనం ఉంది. ధౌలిలో లేదు, జౌగడలోనూ లేదు. అంటే కలింగ నేల మీద ఉన్న రెండు చోట్లా లేదు. దానికి బదులు పైన చెప్పుకున్న అధికారుల శాసనమూ, దాంతోపాటు ఇంకొకటీ పెట్టించాడు. ఆ రెండోది సరిహద్దుల్లోని జయించని జనం గురించి. వాళ్లు నన్ను చూసి భయపడకూడదని, క్షమించగలిగినదాన్ని రాజు క్షమిస్తాడని వాళ్లకు తెలియాలని అందులో అంటాడు.

పాలన సౌకర్యం కోసం అలా చేశాడని సమర్థించవచ్చు. లక్ష చావుల సంగతి చచ్చినవాళ్ల ఇళ్లకు మళ్లీ చెప్పడం పుండు మీద కారం చల్లడమేనని కూడా అనవచ్చు. నా మనసు ఒప్పుకోదు. కాందహారులో గ్రీకు భాషలో కూడా చెప్పగలిగిన దుఃఖాన్ని తోసలిలో చెప్పలేకపోవడమే ఆ సింహాసనం పరిమితి. తప్పు చేశామని దూరపు వాళ్లకు చెప్పడం తేలిక. వాళ్లు మెచ్చుకుంటారు కూడా. ఎవరిని గాయపరిచామో వాళ్ల ముందు చెప్పినప్పుడు అధికారం కొంత చేతిలోనుంచి జారిపోతుంది. తమ్ముడికి పొలంలో అన్యాయం చేసి ఊరందరి దగ్గరా బాధపడుతూ, తమ్ముడి గుమ్మం మాత్రం తొక్కని అన్నలు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ పదమూడో శాసనంలోనే, అడవి జాతులను ఊరడిస్తూ, పశ్చాత్తాపపడినా శిక్షించే శక్తి నాకింకా ఉందని గుర్తు చేస్తాడు అశోకుడు. పశ్చాత్తాపంలో కూడా కర్ర చేతిలోనే ఉంది.

దయకు ఇంకో రూపం ఉంది. దాన్ని చూడాలంటే పదిహేను వందల ఏళ్లు ముందుకు, మన తీరానికే రావాలి. 1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనాన్ని అభయశాసనం అంటారు. సముద్రం మీద వచ్చే వర్తకుల ఓడలు తుపానులో చిక్కి గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిపోతే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ తీరపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. పూర్వపు రాజులు అలా చేశారని శాసనమే చెబుతుంది. మేము మాత్రం ప్రాణం కంటే ధనం విలువైనదని తలచి, ఆ ధనం కోసమే సముద్రయానమనే సాహసానికి తెగించిన వాళ్ల మీద కృపతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నామని అంటాడు. ఎగుమతులకూ దిగుమతులకూ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం లాంటివాటికి విడివిడిగా రేట్లు రాసి పెట్టాడు.

కీర్తి కోసం, ధర్మం కోసం అని కూడా శాసనంలో ఉంది. వర్తకం పెరిగితే ఖజానా నిండుతుందన్న ఆలోచనా తప్పకుండా ఉండే ఉంటుంది. దానివల్ల ఆ దయ విలువ తగ్గిందని నేననుకోను. ఓడ పగిలి ఒంటి మీద తడిబట్టలతో ఒడ్డెక్కిన వర్తకుడికి కావలసింది రాజుగారి మంచి మనసు కాదు. ఈ పూట ఆయన మనసు ఎలా ఉందో కనుక్కుంటూ కోట వాకిట్లో నిలబడే అవసరం లేకపోవడం. ముప్పయ్యో వంతని రాయి మీద ఉంటే, సుంకం వసూలు చేసేవాడు అలసిపోయినా, అసూయపడినా, సోమరైనా, వర్తకుడు వేలు పెట్టి చూపించగలడు. ధౌలి శాసనంలోని ఏడు దోషాలకు ఇంతకంటే గట్టి విరుగుడు నాకు కనబడదు.

ఇలాంటి గీత గీయడానికి కోట అక్కర్లేదు. అద్దెకిచ్చిన ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సులోంచి దేనికి ఎంత తగ్గిస్తారో ముందే కాగితం మీద రాసిచ్చిన ఇంటి యజమాని అదే పని చేస్తున్నాడు. పనిమనిషికి నెలకు ఎన్ని సెలవులో మొదటి రోజే చెప్పి, ఆ సెలవు అడిగినప్పుడు ముఖం మాడ్చుకోని ఇల్లాలూ అంతే. జూనియర్ తప్పు చేస్తే ఏం జరుగుతుందో, ఏం జరగదో ముందే చెప్పి పెట్టిన అధికారిదీ ఆ దారే. ఇందులో ఒక కష్టముంది. అప్పటికప్పుడు దయ చూపిస్తే కృతజ్ఞత దక్కుతుంది, ఎదుటివాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. నియమంగా మార్చేస్తే అది వాడి హక్కు అవుతుంది, మనకు దండం పెట్టడు. ఆ దండం మీద ఆశ వదులుకోలేకే ఎంతోమంది మంచివాళ్లు తమ మంచితనాన్ని గుప్పిట్లోనే ఉంచుకుంటారు.

1323లో ఓరుగల్లు పడిపోయింది, కాకతీయుల రాజ్యం పోయింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు.