విన్న పుస్తకం గురించి పిల్లల్ని ఏమని అడగాలి?



ఈ మధ్య పీటీఎంలలో నాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఇది: “మేడం, మావాడు పుస్తకం పట్టుకోడు కానీ ఫోన్‌లో ఇంగ్లీష్ కథలు వింటాడు. అది చదువు కిందకి వస్తుందా?” ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లీష్ చెప్పే టీచర్‌గా నా జవాబు: సగం వస్తుంది. ఆ సగాన్ని ఇంట్లో ఎలా వాడుకోవచ్చో ఈ నెల చూద్దాం.

సగం ఎందుకు?

చదవడంలో రెండు పనులు ఉంటాయి. అక్షరాలు చూసి మాటను గుర్తుపట్టడం ఒకటి. ఆ మాటల అర్థం పట్టుకోవడం రెండోది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ రెండింటినీ కూడికలా కాకుండా గుణకారంలా చూడమన్నారు. అంటే ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నానే.

ఆడియోబుక్ మొదటి పని నేర్పదు. కాబట్టి ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పుస్తకం మీద వేలు పెట్టి చదివే అలవాటు తప్పదు. రెండో పనికి మాత్రం ఆడియోబుక్ బాగా పనికొస్తుంది. కొత్త మాటలు, పొడవైన వాక్యాలు, మాట విరుపు అన్నీ చెవిన పడతాయి. గబగబా చదవలేని పిల్లలు కూడా తమ వయసుకు తగిన కథను అందుకోగలుగుతారు. ఆరో తరగతి బిడ్డ చేతిలో ఒకటో తరగతి కథ పెడితే వచ్చే చిన్నతనం వాళ్లకు తప్పుతుంది.

ఇది మనకు కొత్త కాదు

హరికథ, బుర్రకథ విని పెరిగిన ఊళ్లు మనవి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల కార్యక్రమాలు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి, అడిగి చూడండి. బ్రిటన్‌లో 1935లో టాకింగ్ బుక్స్ మొదలైంది చూపులేనివారి కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులు వాటి తొలి శ్రోతల్లో ఉన్నారు.

‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కూడా ముందు నోటితో చెప్పిన కథే. 1862 జులై 4న లూయిస్ కారల్ పడవలో వెళుతూ ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఆ కథ చెప్పారు. పుస్తకంగా వచ్చింది 1865లో.

కథ ఒకటే, గొంతులు వేరు

ఆడియోబుక్‌లో రచయితకూ మనకూ మధ్య ఇంకో మనిషి ఉంటారు. వారే నేరేటర్, అంటే చదివి వినిపించేవారు. హ్యారీ పోటర్ పుస్తకాలనే తీసుకోండి. వాటిని బ్రిటన్‌లో స్టీఫెన్ ఫ్రై చదివారు, అమెరికాలో జిమ్ డేల్ చదివారు. ఫ్రై చదువుతుంటే ఇంట్లో పెద్దాయన ఎవరో ఎదురుగా కూర్చుని తీరిగ్గా చెబుతున్నట్టు ఉంటుంది. డేల్ పాత్రపాత్రకూ గొంతు మారుస్తారు, ఒక్కరే నాటకం మొత్తం ఆడేస్తున్నట్టు ఉంటుంది. నాకు ఫ్రై చదివిన తీరు ఎక్కువ ఇష్టం, పాత్రల ముఖాలు ఊహించుకునే పని నాకే వదిలేస్తారు కాబట్టి. మీ పాపకు డేల్ నచ్చవచ్చు. ఇద్దరిదీ తప్పు కాదు. ఎందుకు నచ్చిందో చెప్పగలగడమే ఇక్కడ పాఠం.

ఇంట్లో చేయదగిన పాఠం

దీనికి డబ్బు ఖర్చు లేదు. లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్ 2005 నుంచి ఉంది. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలను వాలంటీర్లు చదివి అక్కడ ఉచితంగా పెడతారు. ‘ఆలిస్’ను వేర్వేరు మనుషులు చదివిన రికార్డింగులు అందులో చాలా ఉన్నాయి. కొన్నింటిలో ఒక్కో అధ్యాయాన్ని ఒక్కొక్కరు చదువుతారు. మొదటిసారికి పుస్తకమంతా ఒక్కరే చదివినవి రెండు ఎంచుకోండి.

1. రెండు రికార్డింగుల్లోనూ మొదటి అధ్యాయంలో తొలి ఐదేసి నిమిషాలు వినండి. ఫోన్‌ను తిప్పి టేబుల్ మీద పెట్టండి. స్పీడ్ పెంచవద్దు.

2. విన్నాక ఈ నాలుగూ అడగండి. చదివే వేగం నీకు సరిపోయిందా? కుందేలు తొందర ఆ గొంతులో తెలిసిందా? ఆలిస్ మాట ఏదో, కథ చెప్పేవారి మాట ఏదో విడిగా తెలిసిందా? ఎక్కడైనా విసుగొచ్చిందా?

3. ఆ తర్వాత ఒక్క ప్రశ్న: ఈ ఇద్దరిలో మిగతా కథ ఎవరి దగ్గర వింటావు, ఎందుకు?

నచ్చితే ఏడో అధ్యాయంలోని టీ పార్టీ వినిపించండి. అక్కడ ఆలిస్, టోపీల ఆయన, మార్చ్ కుందేలు, నిద్రమత్తులో ఉండే డార్మౌస్ అనే చిన్న జంతువు ఒకే బల్ల దగ్గర వాదించుకుంటారు. నేరేటర్ పనితనం తెలిసేది అక్కడే.

“బాగుంది” దగ్గర ఆగనివ్వకండి

క్లాసులో పిల్లల్ని అడిగితే మొదట వచ్చే జవాబు “ఇట్ వాజ్ నైస్, మేడం”. అది అభిప్రాయంలో మొదటి మెట్టు. దానికి కారణం, కథలోంచి ఒక ఉదాహరణ జోడిస్తే అభిప్రాయం పూర్తవుతుంది. “ఆ గొంతు నాకు నచ్చలేదు. ఎందుకంటే కుందేలు కంగారుపడుతున్నా ఆవిడ నిదానంగానే చదివింది” అన్నారనుకోండి, ఆ బిడ్డ కథను శ్రద్ధగా విన్నట్టే. పరీక్షలో పాత్ర గురించి నాలుగు వాక్యాలు రాయమన్నప్పుడు కావాల్సింది కూడా ఈ నైపుణ్యమే.

ముందు తెలుగులో చెప్పనివ్వండి. ఆలోచన కుదిరాక ఇంగ్లీష్‌లోకి మార్చడం తేలిక. ‘ఐ లైక్డ్ ద వాయిస్ బికాజ్’ అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఇంగ్లీష్ రాని తల్లిదండ్రులకు

“మాకే రాదు, మేమేం అడుగుతాం?” అని మీలో కొందరు వెనకడుగు వేస్తారు. పై ప్రశ్నలు మరోసారి చూడండి. వేగం, తొందర, విసుగు, గొంతులో తేడా తెలియడానికి ఇంగ్లీష్ అక్కర్లేదు, చెవి ఉంటే చాలు. మీరూ పక్కన కూర్చుని వినండి. “ఈయన ఆయాసపడుతూ చదువుతున్నాడు, ఎందుకు?” అని మీరు అడిగితే, సంగతేమిటో పిల్లలే మీకు వివరిస్తారు. అలా వివరించడంలో కథ వాళ్లకు రెండోసారి అర్థమవుతుంది. అమ్మానాన్నలకు ఇంగ్లీష్ రాదని లోలోపల ముడుచుకునే పిల్లలు ఉన్నారు. తాము పట్టుకోలేని విషయం అమ్మ పట్టుకుందని తెలిసిన రోజు ఆ ముడుపు కొంత విడుతుంది.

కొన్ని జాగ్రత్తలు

• రోజుకు 15 నిమిషాలు చాలు. హెడ్‌ఫోన్ కన్నా స్పీకర్ మేలు, ఇంట్లో అందరూ వినొచ్చు.

• వారంలో ఒక్కసారైనా విన్న అధ్యాయాన్నే పుస్తకంలో కళ్లతో వెంబడించమనండి. పైన చెప్పిన మొదటి పని అప్పుడే సాగుతుంది.

• నేరేటర్ యాసను అనుకరించమని బలవంతం చేయకండి. లిబ్రివాక్స్‌లో రకరకాల దేశాలవారు చదువుతారు. ఇంగ్లీష్‌ను ఇన్ని రకాలుగా పలుకుతారని తెలిస్తే మనవాళ్లకు నోరు విప్పే ధైర్యం వస్తుంది.

• ప్రతి కథకూ “నీతి ఏమిటి?” అని అడగకండి. కథ నచ్చకపోతే మధ్యలో ఆపేయనివ్వండి. ఎందుకు ఆపారో మాత్రం చెప్పమనండి.

వచ్చే పీటీఎంకి మీ అభిప్రాయం ఒకటి, మీ బిడ్డ అభిప్రాయం ఒకటి రెండు చీటీల మీద రాసి తీసుకురండి. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే. రెండూ కలవకపోతే మరీ మంచిది. వాటిని క్లాస్ బోర్డు మీద పక్కపక్కనే అంటిస్తాను.