గట్టు మీద నాలుగక్షరాలు

అప్పనపల్లి

చిట్టితల్లీ,

జన్యువుల పక్కన ‘గాటా గాటా’ అని అవే నాలుగక్షరాలు వరసగా ఉంటాయి, అవి చెత్తేనా తాతయ్యా, చదవకుండా వదిలేయనా అని అడిగావు. వదిలేయకు. నేనూ పాఠం చెప్పిన రోజుల్లో ‘దీనికి పనేమీ లేదు’ అని పేజీ తిప్పించేవాణ్ణి. పని లేకపోవడం వేరు, ఆ పని మనకి తెలియకపోవడం వేరు. ఆ తేడా పిల్లలకి చెప్పలేదే అని ఇప్పటికీ బాధే.

అవి ఎలా పెరిగాయంటావా? కొబ్బరికాయల రాశి దగ్గర పుంజీల లెక్కన ఎంచేదానివి, గుర్తుందా? నాలుగేసి కాయలు, అన్నీ ఒకేలా. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఒక పుంజీ రెండుసార్లు లెక్కలో పడేది, లేదా ఒకటి తప్పిపోయేది. డీఎన్‌ఏ నకలు తయారయ్యేటప్పుడూ అంతే. విడిపోయిన పోగులు మళ్లీ అతుక్కునేటప్పుడు ఒక గాటా అటో ఇటో జరిగినా తెలియదు. కొత్త పోగు ఉబ్బితే ఒకటి పెరుగుతుంది, పాతది ఉబ్బితే ఒకటి తగ్గుతుంది. అందుకే ఈ లెక్క మనిషికీ మనిషికీ మారుతుంది.

ఆ మార్పునే హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో మనుషుల్ని గుర్తుపట్టడానికి వాడారు. ఆయన చేతిలో ఉన్నది పసుపు, నలుపు పట్టీల కట్లపాము ఆడదాని డీఎన్‌ఏ నుంచి తీసిన గాటాల ముక్క. పాము ముక్క మనిషి రక్తసంబంధాన్ని తేల్చింది!

మరి వాటి పనేమిటి? 2013లో అదే సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా గారి బృందం, లాల్జీ సింగ్ గారితో కలిసి, పండ్ల ఈగల్లోనూ మనిషి కణాల్లోనూ పరీక్షించింది. మన చేలో పక్క మడి నీళ్లు ఇటు రాకుండా గట్టు ఆపదూ? జన్యువుని ఉసిగొలిపే ఎన్‌హాన్సర్ ప్రభావం పక్క జన్యువు మీద పడకుండా గాటాల వరస అలాగే అడ్డుకుంటోందని తేలింది.

అలాగని కనిపించిన ప్రతి పునరుక్తికీ ఏదో ఒక పని అంటగట్టకు. అదీ తొందరపాటే. గాటాకి రుజువుంది, దాన్ని చదువు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పరిశోధన వ్యాసం ప్రతి ఒకటి పట్టుకురా. వైనతేయ గట్టు మీద కూర్చుని ఇద్దరం చదువుదాం.

తాతయ్య