దూరపు కంప్యూటరుతో పని: కీబోర్డు దోషములను కనుగొను క్రమము

ఒకచోట కూర్చుండి, మఱియొకచోట నున్న కంప్యూటరును మన తెరపై తెఱచి నడుపు పద్ధతికి రిమోట్ డెస్క్‌టాప్ అని పేరు. ఉపాధ్యాయుడు ఇంటనుండియే పాఠశాల కంప్యూటరులో మార్కులు వేయుటకును, గుమాస్తా లెక్కలు చూచుటకును ఇది మిక్కిలి ఉపకరించును. అయితే సాఫ్టువేరును అప్‌గ్రేడు చేసిన పిమ్మట, నిన్నటివఱకు చక్కగా నడచిన కీబోర్డు తప్పు గుర్తులు వ్రాయుట కలదు. పాస్‌వర్డు చుక్కలుగానే కనబడును గనుక తప్పు మనకు తెలియదు. పలుమాఱులు తప్పినచో అనేక చోట్ల ఖాతాయే మూతపడును. అప్పుడు గుమాస్తా పాస్‌వర్డు మఱచెనని నిందించుటయు, మంచి కీబోర్డును పాఱవైచి క్రొత్తది కొనుటయు జరుగుచుండును. ఇవి రెండును అన్యాయములే. కావున ఈ దోషములెట్లు పుట్టునో విచారింతము.

మీటపై ముద్రించిన అక్షరము కంప్యూటరునకు చేరదు. ఏ మీట నొక్కబడెనో తెలుపు సంఖ్య మాత్రమే చేరును. ఆ సంఖ్యను అక్షరముగా మార్చు పట్టికకు లేఅవుటు అని పేరు. దూరపు కంప్యూటరుతో పనిచేయునపుడు ఇట్టి పట్టికలు రెండు వైపులను ఉండును. పూర్వము తంతి పంపువానికిని, అందుకొనువానికిని సంకేతములు ఒక్కటే కావలసియుండెను గదా! ఇదియు నట్టిదే. అప్‌గ్రేడు ఒకవైపు పట్టికను మార్చి, రెండవవైపు పాతదానిని విడిచినచో వార్త తారుమారగును.

దీనికి లినక్స్‌లో మంచి నిదర్శనము కలదు. 2008లో వెలువడిన ఉబుంటు 8.10 నందు, మీటలను గుర్తించుటకు ఎవ్‌డెవ్ అను పద్ధతి ప్రవేశించెను. పాత పట్టికలో 111 అను సంఖ్య ప్రింట్ స్క్రీన్ మీటది. ఎవ్‌డెవ్ పట్టికలో అదే సంఖ్య పైబాణపు మీటది. ఇందువలన దూరపు తెరపై పైబాణమును నొక్కగా, గుర్తు పైకి కదలుటకు మాఱుగా తెర చిత్రము తీయబడుచుండెను. మీట నిర్దోషి, పట్టికలే వేఱు.

లక్షణములను బట్టి కారణము నూహింపవచ్చును.

1. అక్షరములు సరిగానుండి గుర్తులు మాత్రము మాఱినచో, లేఅవుటు భేదమని తలంపవలెను. షిఫ్టుతో 2 నొక్కగా అమెరికా లేఅవుటులో @ వచ్చును, బ్రిటిషు లేఅవుటులో " వచ్చును.

2. ఏ అక్షరము నొక్కినను ఏదో ఒక ఆజ్ఞ నెఱవేరుచున్నచో, ఆల్ట్, కంట్రోల్, విండోస్ మీటలలో నొకటి దూరపువైపు నొక్కబడినట్లే నిలిచియుండును. ఆల్ట్, ట్యాబ్ మీటలతో కిటికీ మార్చునపుడు, నొక్కిన వార్త అటుపోయి, విడిచిన వార్త ఇటే నిలిచిపోవుట కలదు. దూరపు కిటికీలో ఆ మీటల నొక్కొక్కటిగా నొక్కి విడువవలెను.

3. మీటల జంటలు మన కంప్యూటరునందే పనిచేయుచున్నచో, రిమోట్ డెస్క్‌టాప్ అమరికలలో వానిని దూరపు కంప్యూటరునకు పంపు నియమమును చూడవలెను. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడింటికి బదులు, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎండ్ నొక్కవలెను.

పరిశోధనకు క్రమము ముఖ్యము. మొదట మన కంప్యూటరులోనే కొన్ని గుర్తులు వ్రాసి చూడవలెను. అచ్చట సరిగా వచ్చినచో కీబోర్డు మంచిదే. తరువాత దూరపు తెరపై, అక్షరములు కనబడునట్టి పేరు వ్రాయు గడిలో అవే గుర్తులు వ్రాసి, పోల్చి, తుడిచివేయవలెను. పాస్‌వర్డును మాత్రము అట్లు బయట వ్రాయరాదు. పిమ్మట రెండు వైపుల లేఅవుటులను సరిచూచి, ఒకేసారి ఒక్క అమరికనే మార్చి, మార్చినదానిని కాగితముపై వ్రాసికొనవలెను. నాలుగు అమరికలు కలిపి మార్చినవానికి దోషము పోయినను, దేనివలన పోయెనో తెలియదు. మఱల వచ్చినపుడు వాడు మొదటికే వచ్చును.

విద్యార్థులారా! సాక్ష్యము విచారింపక తీర్పు చెప్పరాదను నియమము న్యాయస్థానమునకే గాదు, కంప్యూటరు గదికిని చెల్లును. దోషమెచ్చటనో ముందు కనుగొని, పిమ్మట దిద్దుడు. తోడివాని విషయమునను ఈ యోపికనే చూపుడు.