తీర్పుకు ముందు జప్తు: ప్రతివాదికి నోటీసు ఎలా పంపాలి?

బాకీ దావా వేశాం. తీర్పు వచ్చేలోగా ప్రతివాది ఉన్న ఒక్క ఇల్లూ అమ్మేసేలా ఉన్నాడు. అప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డరు 5వ రూలు కింద జప్తు కోరతాం. అయితే హామీ ఇచ్చుకోవడానికో, తన మాట చెప్పుకోవడానికో అతనికి అవకాశం ఇవ్వని జప్తు ఆ రూలు ప్రకారమే చెల్లదు. అవతలివాడిదీ ఇల్లే కదా, ఈ పని శ్రద్ధగా చేద్దాం.

కావలసినవి

పిటిషన్, అఫిడవిట్, ఆస్తి షెడ్యూలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ప్రతివాది ప్రస్తుత చిరునామా, బ్యాటా (నోటీసు జారీకి కట్టే రుసుము).

చేసే పద్ధతి

1. ముందు షెడ్యూలు రాద్దాం. డోరు నంబరు లేదా సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, అంచనా విలువ. ఈసీ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూద్దాం.

2. అఫిడవిట్‌లో ‘అమ్మేస్తాడని భయం’ అని రాసి ఊరుకోవద్దు. ఎవరికి బేరం పెట్టాడు, మనకెలా తెలిసింది, డిక్రీని ఎగ్గొట్టడానికే అని ఎందుకంటున్నామో రాయాలి. హామీ లేని అప్పును హామీ ఉన్న అప్పుగా మార్చుకోవడానికి ఈ రూలు లేదని రామన్ టెక్ కేసులో (2008) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

3. ఉత్తర్వు చేతికి రాగానే చదువుదాం. ఫలానా గడువులోగా హామీ ఇవ్వాలి, లేదా హాజరై ఎందుకు ఇవ్వనక్కర్లేదో చెప్పాలి అని అందులో ఉండాలి. షరతులతో వెంటనే జప్తు చేసినా సరే, ఈ మాటలు ఉండాల్సిందే. లేకుంటే ఆ రోజే వకీలుకు చెప్పాలి.

4. బ్యాటా కట్టి, ప్రతివాదులు ఎందరో అన్ని సెట్ల నకళ్లు ఇద్దాం.

5. నోటీసు అందించే కోర్టు ఉద్యోగి (అమీను) వెంట ఇల్లు చూపించే మనిషిని పంపుదాం. ప్రతివాది ఇంట్లో లేడు, త్వరలో వచ్చేలా కూడా లేడంటే, అతనితో ఉండే కుటుంబంలోని పెద్దవారికి ఇవ్వొచ్చు, ఆడవారైనా మగవారైనా. పనిమనిషికి మాత్రం ఇవ్వకూడదు. ప్రతివాది తీసుకోనంటే నకలు బయటి తలుపుకు అంటిస్తారు. ఇల్లు ఎవరు చూపించారు, ఎవరి ఎదుట అంటించారు అన్నది పేరు, చిరునామాతో రిపోర్టులో పడిందో లేదో అక్కడే చూసుకోవాలి.

తరచూ జరిగే తప్పులు

జప్తు ఉత్తర్వును దండోరా వేసి ఇంటి గోడకు అంటించారు కదా, నోటీసు అందినట్టే అనుకుంటారు. అది జప్తు చేసే పద్ధతి, నోటీసు వేరు. రెండింటికీ రెండు రిపోర్టులు ఫైల్లో ఉండాలి.

షెడ్యూల్లో రైతు పంటను కలపొద్దు. వ్యవసాయదారుడి చేతిలోని పంటను తీర్పుకు ముందు జప్తు చేయడం కుదరదు.

ప్రతివాది హామీ ఇచ్చి జప్తు తీసేయమంటే అభ్యంతరం పెట్టొద్దు. అడిగిన హామీ, జప్తు ఖర్చులకు హామీ వస్తే కోర్టు జప్తు ఎత్తేస్తుంది.