కాలేయానికి పాకిన పెద్దపేగు క్యాన్సర్: ఆపరేషన్ వేళ మీ హక్కులు

కాలేయానికి పాకిందన్నారు. ఇక ఆపరేషన్ లేనట్టేనా?
అలా అనుకోవద్దు. ఇది నాలుగో దశే అయినా, గడ్డలన్నీ పూర్తిగా తీసేయగలిగితే కొందరికి జబ్బు నయమవుతుంది. గడ్డలు ఎన్ని ఉన్నాయన్నదాని కన్నా, అవి తీశాక ఎంత కాలేయం మిగులుతుందన్నది ముఖ్యం. ఆరోగ్యమైన కాలేయమైతే దాదాపు 20 నుంచి 30 శాతం మిగిలినా మళ్లీ పెరుగుతుంది. కీమోతో కాలేయం దెబ్బతిని ఉంటే ఇంకాస్త ఎక్కువ మిగలాలి.

"ఇప్పుడు కుదరదు" అంటే ఎప్పటికీ కుదరదనా?
కాదు. కీమోతో గడ్డలు కుంచించుకుపోయాక కొందరికి ఆపరేషన్ వీలవుతుంది. తీసేయాల్సిన వైపుకు వెళ్లే పోర్టల్ సిరను ముందుగా మూసి, రెండో వైపు కాలేయాన్ని పెంచే పద్ధతీ ఉంది. అందుకే "స్కాన్ మళ్లీ ఎప్పుడు చూస్తారు?" అని అడగండి.

రెండో అభిప్రాయం అడిగితే డాక్టరు నొచ్చుకుంటారేమో?
మొహమాటపడకండి, అది మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అది ఉంది. కాలేయ ఆపరేషన్లలో ప్రత్యేక అనుభవమున్న సర్జన్ చూడకుండా "ఆపరేషన్ లేదు" అన్న మాటను ఆఖరి మాటగా తీసుకోకండి.

రికార్డులు ఇవ్వకపోతే?
రాతపూర్వకంగా అడగండి. 2002 వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లోగా ఇవ్వాలి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. సీటీ, ఎంఆర్ఐ సీడీలు, బయాప్సీ స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. కొత్త సర్జన్ చూసేది బొమ్మలనే.

ఖర్చు మాటేమిటి?
తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. మీ ఆపరేషన్ పథకం కిందికి వస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (పథకం సహాయకులను) అడగండి. అంచనా ఖర్చు రాతలో తీసుకోండి. బిల్లు బాకీ ఉందని రోగిని ఆపి ఉంచకూడదని కూడా ఆ హక్కుల పత్రం చెబుతోంది.

నాన్నకు చెప్పకుండా మేమే సంతకం పెట్టొచ్చా?
స్పృహలో ఉన్న పెద్దవారి అనుమతి వారిదే కావాలి. మత్తులో ఉన్న మహిళ తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రక్తస్రావం, పైత్యరసం కారడం, కాలేయం పనిచేయకపోవడం, జబ్బు తిరగబెట్టడం లాంటి ముప్పులన్నీ ఆయనకు తెలుగులో చెప్పించండి. భయపెడతామేమోనని దాచడం ప్రేమే కావచ్చు. కానీ కోత పడేది ఆయన ఒంటికి, నిర్ణయమూ ఆయనదే. ఆయన పక్కన కూర్చోవడం మీ వంతు.