శెనక్కాయలు పండిస్తాం, పామాయిల్ తింటాం

పోయినేడు మా నాయనకు గుండెలో స్టెంట్ వేసినారు. నూనె తగ్గించమన్నారు డాక్టరు. ఇంటికొచ్చినాక అమ్మ మొదట ఆపేసింది శెనక్కాయల చట్నీ. అనంతపురంలో ఆ చట్నీ లేకుండా దోసె ఎట్లా తినాలో మీరే చెప్పండి! ఆదివారం బజ్జీలు మాత్రం ఆగలేదు. పామాయిల్‌లోనే. "ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని రాసినారు కదప్పా" అంది.

నిజమే. కానీ ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు. నీళ్ల బాటిల్ మీద 'కారం లేదు' అని రాసినట్టు అది. మనం చూడాల్సింది శాచురేటెడ్ ఫ్యాట్ అనే లైను. తెలుగులో సంతృప్త కొవ్వు (ఈ మాట నాకూ ఇది రాసేటప్పుడే తెలిసింది).

రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను వెనక్కి లాగేసేది ముఖ్యంగా కాలేయం. అందుకు దానికి రిసెప్టర్లు ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే వాటి పని తగ్గుతుంది. ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలి, రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. మన సీఎస్ఈ భాషలో, గార్బేజ్ కలెక్టర్ నిద్రపోయింది, మెమరీ నిండుతోంది.

ఇప్పుడు లెక్క. మా ఇంట్లో నలుగురికి నెలకు 5 లీటర్ల నూనె. అంటే మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే కాబట్టి 19 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మొత్తం కేలరీల్లో 10 శాతం, 2000 కేలరీలు తినేవాళ్లకు 22 గ్రాములు. పాలు, పెరుగు, నెయ్యి, మాంసం అన్నీ మిగిలిన 3 గ్రాముల్లో సర్దుకోవాలి! అదే శెనక్కాయ నూనె అయితే సంతృప్త కొవ్వు ఐదో వంతు లోపే, 8 గ్రాములు దాటదు. అట్లని అది మందేం కాదు. ఏ నూనెకైనా గ్రాముకు 9 కేలరీలే. డాక్టరు తగ్గించమన్నది కూడా అందుకే.

శెనక్కాయలు పండించే ఇంట్లో పామాయిల్ ఎందుకంటే, మా చేనుకు వానే ఆధారం. పంట వచ్చినేడు కాయలన్నీ అప్పులకు పోతాయి. తర్వాత అంగట్లో చవగ్గా దొరికే ప్యాకెట్ కొంటాం.

ఈసారి రెండు మూటలు అమ్మకుండా గానుగకు తీసుకపోయినాం. నెలకు 5 లీటర్లు 3 అయింది. బజ్జీలు నెలకు ఒకసారే. డాక్టరును అడిగి చట్నీ మళ్లీ మొదలుపెట్టింది అమ్మ, ఉప్పు తగ్గించి. వచ్చే నెల నాయనకు లిపిడ్ ప్రొఫైల్ టెస్టు ఉంది.